పుంజునిచ్చి గాడిదపిల్లని తెచ్చుకున్న ఎద్దు

వానలొస్తున్నాయంటే ఇటుక బట్టీ మూసేస్తారు. పనివాళ్ళు మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయిన మర్నాటి నుంచీ ఆ స్థలం జంతువులది. పనివాళ్ళ పిల్లలు తాటిచెట్టుకి ఒక సైకిల్ రిమ్ము కొట్టి, కింద ఒక బాస్కెట్‌బాల్ వదిలేసి పోయారు. ఇంక మనవాళ్ళు ఆగుతారా? తలతో ఎత్తేవాళ్ళు తలతో, రెక్కతో కొట్టేవాళ్ళు రెక్కతో, ఎవరికి ఏది వీలైతే దాంతో ఆడేస్తారు. బంతి రిమ్ములోంచి పడితే ఒక బుట్ట. కొమ్ములు మాత్రం వాడకూడదు. అది మొదటి ఏడాది ఎద్దు అప్పలకొండ ఒక బంతిని పేల్చేశాక పెట్టిన రూలు.

జట్లు రెండు. బట్టీ జట్టుకి పెద్ద నక్క పరదేశి. కాలువ జట్టుకి పెద్ద అప్పలకొండ. ఏటా వానలకి ముందు ఒక మ్యాచ్ ఆడతారు. గెలిచిన జట్టుకి బట్టీ పక్కనున్న రేకుల పాక. వానాకాలమంతా అందులోనే పడుకోవచ్చు. ఓడినవాళ్ళకి ఆకాశమే పాక.

మూడేళ్ళుగా పాకలో పడుకుంటున్నది పరదేశి. మూడేళ్ళుగా తడుస్తున్నది అప్పలకొండ జట్టు. అప్పలకొండకి తోలు మందం, ఎలాగో ఓర్చుకున్నాడు. బాతుకి వానంటే పండగ. గొర్రె నూకాలుకే ప్రాణం మీదికొచ్చింది. పోయినేడు బురదలో నించుని నించుని దాని డెక్కలు పుచ్చిపోయాయి. దసరా దాకా కుంటింది.

"ఈ ఏడు కూడా తడిస్తే నా కాళ్ళు ఇంక కాళ్ళు కావు మావా," అంది నూకాలు.

"చూద్దాంలే అమ్మా," అన్నాడు అప్పలకొండ. ఆయన ఏ మాటకైనా ముందు అదే అంటాడు.

పెద్ద మ్యాచ్‌కి వారం ముందు ఒక ఉత్తుత్తి మ్యాచ్ ఉంటుంది. ఈసారి అందులోనూ కాలువ జట్టు ఓడింది. వేసిన తొమ్మిది బుట్టలూ కోడిపుంజు దొరబాబే వేశాడు. ఆట అయ్యాక ఈకలు విదిలించుకుని అందరి మొహాలూ చూశాడు.

"తొమ్మిదికి తొమ్మిదీ నావే. నేనొక్కణ్ణే ఆడుతున్నాను ఈ జట్టులో. మీరంతా ఎందుకొస్తున్నారో మరి."

"నీకు బంతి అందిస్తున్నది నేను కాదేంట్రా?" అంది నూకాలు.

"అందించడం కూడా ఒక ఆటేనా అక్కా?"

అప్పలకొండ ఏం మాట్లాడలేదు. తను గోడలా అడ్డం నించుంటే, ఆ గోడ చాటున తీరిగ్గా నించుని పుంజు బంతి వేస్తాడని ఆయనకి తెలుసు. గోడ మాట్లాడదు కదా.

ఇక్కడొక ఆచారం చెప్పాలి. ఓడినవాళ్ళే నేల చదును చెయ్యాలి. అక్కడ నేల నిండా ఇటుక ధూళి, మెత్తటి బూడిద. ఆట అయ్యేసరికి దున్నినట్టయిపోతుంది. ఓడిన జట్టు ఒక చెక్క లాగుతూ దాన్ని మళ్ళీ నున్నగా చెయ్యాలి. గెలిచినవాళ్ళేమో కాలువకెళ్ళి నీళ్ళు తాగుతూ గొప్పలు చెప్పుకుంటారు. మూడేళ్ళుగా నీళ్ళు తాగుతున్న పరదేశి, ఆట అయ్యాక నేల ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. అప్పలకొండకి అది తప్ప వేరే పనే లేదు.

ఆ రోజు చెక్క లాగుతూ లాగుతూ ఆగిపోయాడు.

"నూకాలూ, ఇలా రా. ఇవి ఎవరి అడుగులు?"

"గాడిదపిల్లవి. వాళ్ళ జట్టులో వరాలు."

"ఇక్కడ చూడు, ముందుకాళ్ళు ఎంత లోతు దిగాయో. పరిగెత్తుకుంటూ వచ్చి టక్కున ఆగింది. మరి ఈ డెక్కలెవరివి?"

నూకాలు వంగి చూసింది. "నావే."

"నీవి ఎంత దూరం జారిపోయాయో చూశావా?"

"నేను జారలేదు. ఎవరో నెట్టారు."

"చుట్టుపక్కల ఇంకో అడుగు లేదు కదమ్మా, ఎవరు నెడతారు? అది ఆగింది, నువ్వు ఆగలేకపోయావు. ఇదిగో, ఇక్కడ బాతు కూడా అంతే. అదిగో, అక్కడ నేను." అప్పలకొండ తన డెక్కల గీత చూసుకుని కొంచెం సిగ్గుపడ్డాడు. నాగలి చాలు అంత పొడుగుంది. "ఆరుసార్లు ఆగింది. ఆరుసార్లూ దాని చుట్టూ నాలుగడుగుల మేర ఖాళీ. అడ్డం నించునేవాడు లేడు, సాయం వచ్చినవాడు లేడు."

"ఏం లాభం? ఒక్క బుట్ట కూడా వెయ్యలేదు కదా."

"వెయ్యలేదు. ఆగిన ప్రతిసారీ బంతి తీసుకెళ్ళి పరదేశికిచ్చింది. వాళ్ళు వేసిన బుట్టల్లో సగం అవే."

అంటే ఏంటో అప్పలకొండ ఇంక చెప్పలేదు. మిగిలిన నేల చదును చేశాడు. ఆ ఆరు చోట్లూ అన్నిటికంటే ముందు చెరిపేశాడు.

ఇంకో ఆచారం కూడా ఉంది. ఉత్తుత్తి మ్యాచ్ అయిన మర్నాడు జట్లు ఒక ఆటగాణ్ణి ఇచ్చి ఇంకో ఆటగాణ్ణి తీసుకోవచ్చు. మధ్యలో గేదె నారాయణమ్మ సాక్షి. ఆటకి అంపైరూ ఆవిడే. అంతకుముందు తొండని పెట్టారుగానీ, ఎవరేం అడిగినా తల ఊపేస్తోందని తీసేశారు. నారాయణమ్మ ముందు సరే అన్నాక వచ్చే ఏడాది దాకా వెనక్కి తిరగడం లేదు.

పరదేశి పొద్దున్నే తోక ఊపుకుంటూ వచ్చాడు.

"అప్పలకొండ బావా, నీ కష్టం చూస్తే నాకే కడుపు తరుక్కుపోతోంది. ఆ పుంజు పొగరు భరించలేకపోతున్నావంట?"

"ఎవరు చెప్పారు?"

"పుంజే చెప్పాడు," అని నాలిక కరుచుకున్నాడు పరదేశి. అప్పటికే పుంజుతో మంతనాలు అయిపోయాయన్నమాట. "అంటే, ఏదో మాటల్లో. ఆ తలనొప్పి నేను తీసుకుంటా. బదులు నావాళ్ళలో ఒకళ్ళని ఇస్తా."

"పెద్ద పందినివ్వు."

"అబ్బే, నా పందులిద్దరూ అన్నదమ్ములు బావా, విడదీస్తే పాపం."

"పోనీ చిన్న పంది."

"అదీ అన్నదమ్ములే కదా! గాడిదపిల్లని తీసుకో. లేత వయసు, మంచి గడ్డి మేసిన ఒళ్ళు. మోసుకురమ్మంటే మోసుకొస్తుంది."

అప్పలకొండ గట్టిగా నిట్టూర్చాడు. పక్కనున్న బాతు ఈకలు లేచిపడ్డాయి. "ఎన్ని బుట్టలేసింది పరదేశీ ఇప్పటిదాకా?"

"ఒక్కటైనా వేసుంటే నీకెందుకు..." నక్క దగ్గి సర్దుకున్నాడు. "లెక్కలు ఎందుకు బావా మన మధ్య?"

"తొమ్మిదేసిన వాణ్ణిచ్చి సున్నా వేసిన దాన్ని తెచ్చుకుంటే నావాళ్ళు నన్ను తన్నరా?"

"సరే, మ్యాచ్‌లో మొదటి బంతి కూడా మీకే. ఇంకేం మాట్లాడకు!"

"ఏం చేస్తాం," అన్నాడు అప్పలకొండ తల వేలాడేసి. "సరే."

"సరే!" అని ఎగిరాడు పరదేశి.

"అయిపోయింది, పొండి," అంది నారాయణమ్మ, నెమరు ఆపకుండానే.

దొరబాబు వీడ్కోలు కూడా చెప్పకుండా నక్క వెంట వెళ్ళిపోయాడు. నూకాలు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మావా, నా డెక్కలు అమ్మేశావు కదా."

"చూద్దాంలే అమ్మా."

వరాలు తల వంచుకుని వచ్చి నించుంది. "తాతా, ఎవరికి మోసుకొచ్చి ఇవ్వాలో చెప్తే ఇస్తాను."

"అలా టక్కున ఆగడం ఎక్కడ నేర్చుకున్నావే?"

"నేర్చుకోలేదు తాతా. అమ్మ ఇటుకలు మోసేటప్పుడు వెనకే నడిచేదాన్ని. అమ్మ ఆగితే ఆగిపోవాలి. లేకపోతే ఇటుకలు నెత్తి మీద పడతాయి."

"మరి ఆగాక బుట్టలో ఎందుకు వెయ్యవు?"

"నువ్వు గాడిదవి, మొయ్యడమే నీ పని, వెయ్యడం నా పని అన్నాడు పరదేశి మావ."

సాయంత్రం సాధన మొదలైంది. వరాలు పరిగెత్తింది, ఆగింది, నూకాలుని అల్లంత దూరం జార్చింది, బంతి తెచ్చి అప్పలకొండకిచ్చింది. అప్పలకొండ వెనక్కి తిరిగి నించున్నాడు. బంతి ఆయన పిరుదుకి తగిలి కింద పడింది.

"నాకొద్దు," అన్నాడు.

బాతు వైపు విసిరింది. బాతూ వెనక్కి తిరిగింది. నూకాలూ తిరిగింది. ఇంక ఇవ్వడానికి మొహమే లేదు, అన్నీ తోకలే.

"నేనేం తప్పు చేశాను?" అంది వరాలు.

"ఏమీ చెయ్యలేదు. అదే తప్పు. నీ చుట్టూ ఇంత ఖాళీ నువ్వే చేసుకున్నావు. మాలో ఎవరికీ అది రాదు. దాన్ని ఎందుకు పారేస్తున్నావు? వెయ్యి."

వేసింది. తాటిచెట్టుకి కూడా తగల్లేదు.

"బాగుంది, ఇంకోటి," అన్నాడు అప్పలకొండ.

"ఏం బాగుంది మావా? బంతి కాలవలో పడింది!" అంది నూకాలు.

"వెయ్యడం నేర్పొచ్చే. ఆ చోటు చేసుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేరు. అది దీని దగ్గరుంది. మిగతాదానికి నాలుగు రోజులు చాలకపోతే ఐదు."

ఉన్నవి ఐదే. వెన్నెల లేకపోయినా, గాలి ఉన్నా, ఆగకుండా వేసింది. పదింటికి మూడు పడ్డాయి. తర్వాత నాలుగు. అప్పలకొండ చెప్పేది ఒకటే మాట: తల ఇంకాస్త పైకెత్తు.

మ్యాచ్ రోజు. చిమ్నీ నీడ తాటిచెట్టుని తాకితే ఆట అయిపోయినట్టు. తూర్పున మబ్బులు నల్లగా ఉన్నాయి. నూకాలు వాటి వంక చూసి డెక్కలు చూసుకుంది.

మొదటి బంతి వరాలుకే. పెద్ద పంది మీదికొచ్చింది. వరాలు కుడివైపు దూసుకెళ్ళి టక్కున ఆగింది. పంది ఆగలేదు. ఆగడం పందికి రాదు. తిన్నగా వెళ్ళి బూడిదగుట్టలో కూరుకుపోయింది. వరాలు తల ఎత్తి వేసింది. రిమ్ముకి తగిలి బయట పడింది.

"గాడిద గాడిదే!" అని అరిచాడు దొరబాబు.

రెండోది, బయటే. మూడోది కూడా. ఈలోపు పరదేశి రెండు బుట్టలేసి, గట్టు మీద చూస్తున్నవాళ్ళందరికీ దణ్ణాలు పెడుతున్నాడు.

వరాలు వచ్చి గుసగుసగా, "తాతా, నువ్వు వేస్తావా? తెచ్చిస్తాను," అంది.

అప్పలకొండ వెనక్కి తిరిగి నించున్నాడు.

వరాలు ఆ తోక వైపు కాసేపు చూసి ఫక్కున నవ్వేసింది. నవ్వితే మెడ వదులైంది. ఈసారి చిన్న పంది మీదికొస్తే ఎడమకి రెండడుగులు వేసి, ఆగి, తల బాగా పైకెత్తి వదిలింది. బంతి రిమ్ములోంచి అంచు కూడా తాకకుండా జారింది.

"ఒకటి," అంది నారాయణమ్మ.

తర్వాత ఇంకోటి. తర్వాత పరదేశే స్వయంగా అడ్డం వచ్చాడు. వరాలు ఆగింది, నక్క కూడా ఆగాడు. తెలివైనవాడు కదా. వరాలు ఒక్కడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు నక్క ఊహించలేదు. మూడు.

అవతల దొరబాబు రిమ్ము పక్కన నించుని గోడ కోసం వెతుకుతున్నాడు.

"ఎవరైనా అడ్డం నించోండ్రా! నేనెలా వెయ్యాలి?"

"మేమెందుకు నించుంటాం? మేం పరిగెడతాం," అన్నాయి పందులు.

"తొమ్మిదేస్తావని తెచ్చుకున్నాను కదరా!" అన్నాడు పరదేశి.

"అక్కడ ఎద్దుండేవాడు. ఇక్కడ ఎద్దేడీ?"

"నువ్వొక్కడివే ఆడతానన్నావు!"

ఇద్దరూ ముక్కూ ముక్కూ పెట్టుకుని తగువాడుకుంటుంటే బంతి వాళ్ళ మధ్యలోంచి తీసుకుని బాతు వరాలుకిచ్చింది. చిమ్నీ నీడ తాటిచెట్టుని తాకేసరికి కాలువ జట్టు ఎనిమిది, బట్టీ జట్టు ఐదు. ఎనిమిదిలో ఆరు వరాలువి. మిగతా రెండూ నూకాలువి. అందరూ వరాలు చుట్టూ మూగితే ఖాళీగా దొరికిన నూకాలు తీరిగ్గా వేసుకుంది. తన జీవితంలో అవే మొదటి బుట్టలు.

ఆ సాయంత్రమే వాన దంచింది. రేకుల మీద అంత చప్పుడవుతుంటే నూకాలు పొడి ఇటుకల మీద నాలుగు కాళ్ళూ చాపుకుని, "ఎంత బాగా పడుతోందో వాన!" అంది. వాన గురించి నూకాలు మంచిమాట అనడం అదే మొదలు. అప్పలకొండ ఒక మూల నెమరేస్తూ సగం నిద్రలో ఉన్నాడు.

మూడో రోజు పరదేశి గుమ్మం దగ్గరికొచ్చాడు. తడిసి సగమయ్యాడు.

"బావా, నారాయణమ్మని నేను ఒప్పిస్తా, మారకం వెనక్కి తిప్పుదాం. పుంజునిచ్చేస్తా. పెద్ద పందినీ ఇస్తా."

"అన్నదమ్ములు కదా, పాపం," అన్నాడు అప్పలకొండ కళ్ళు తెరవకుండా.

"చిన్నదాన్ని కూడా ఇస్తా!"

"నన్నడుగుతావేం? వెళ్ళాల్సింది అది. దాన్నే అడుగు."

పరదేశి వరాలు వైపు తిరిగి గొంతులో తేనె పోసుకున్నాడు. "వరాలమ్మా, మన బట్టీలో పుట్టిన పిల్లవి. వచ్చెయ్యి. నీ విలువ నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

"తెలుసా మావా? అయితే చెప్పు, నాలో ఏం చూశావు?"

పరదేశి చాలాసేపు ఆలోచించాడు. ముక్కు మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఆరు బుట్టలేశావు కదమ్మా!"

"అది నారాయణమ్మ కూడా చెప్తుంది మావా," అని వరాలు లోపలికెళ్ళి అప్పలకొండ పక్కన వెచ్చగా పడుకుంది. పరదేశి ఆ వానలో నించుని ఇంకేం చూసుండాలా అని ఆలోచిస్తూనే ఉన్నాడు.

నీతి: పడ్డ బుట్టలు ఎవరైనా లెక్కపెడతారు, పడబోయేవి ముందే చూసినవాడు పాకలో పడుకుంటాడు.