రోజూ అడిగిన గులాబీ

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. ఈ కథలో ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేస్తానేమో. చేసినా నువ్వు ఊఁ కొడుతూ ఉండు, అదే దారిలో పడుతుంది.

అనగనగా ఒక ఊరు, ఆ ఊరి చివర రైలు గేటు. ఆ ఊళ్ళో సుభద్రమ్మ అని ఒక పెద్దావిడ. ఆవిడ పెరట్లో ఒక గులాబీ మొక్క ఉండేది. ఎవరొచ్చి అడిగినా కొమ్మ కోసి ఇచ్చేది.

ఆ తర్వాత సుభద్రమ్మకి మతిమరుపు వచ్చింది. మొదట వీధి పేరు మర్చిపోయింది. తర్వాత అల్లుడి పేరు. ఆ తర్వాత కన్నకూతురు విమల పేరు కూడా పోయింది. ఆవిడని ఆసుపత్రిలో పెట్టిన రెండు నెలల్లో నీళ్ళు పోసేవాళ్ళు లేక పెరట్లో గులాబీ ఎండిపోయింది.

ఇంటికొచ్చాక ఆవిడ రోజూ పొద్దున్నే పెరటి గుమ్మంలో నిలబడి, "నా గులాబీ ఏదమ్మా?" అని అడిగేది. విమల నిజం చెప్పేది. ఆవిడ ఏడ్చేది. మర్నాటికి అంతా మర్చిపోయి మళ్ళీ అడిగేది, మళ్ళీ ఏడ్చేది. ఒక్కసారి చచ్చిన మొక్క ఆవిడకి రోజూ చచ్చేదమ్మా.

అది చూడలేక విమల పుష్యమాసంలో నర్సరీకి వెళ్ళింది. అప్పుడు గులాబీలన్నీ విరగబూసి ఉంటాయి కదా. గిన్నెంత ఎర్ర పువ్వు చూసి మనసు పడి తెచ్చింది. ప్రేమకొద్దీ రోజూ సాయంత్రం దానికి తలారా స్నానం చేయించేది. ఆకు రాత్రంతా తడిగా ఉండిపోయేది. ఆషాఢంలో వానలు పడ్డాయి. ఆకుల మీద నల్లమచ్చలు లేచాయి, ఆకులు పండి రాలాయి. చివరికి పుల్ల మిగిలింది.

అప్పుడు కార్తీకంలో పసుపు గులాబీ తెచ్చింది. మంచు పడేసరికి మొగ్గల మీద బూడిద చల్లినట్టయింది, ఒక్కటీ విచ్చుకోలేదు. నర్సరీ అతను మందు కొట్టమన్నాడు. ఎలా కొడుతుంది? సుభద్రమ్మ పువ్వు కనిపిస్తే రేకులు తుంపి నోట్లో వేసుకునేది. విమల మందు కొట్టలేదు. ఆ మొక్కా పోయింది.

విమల పెరటి మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. సుభద్రమ్మ వచ్చి తల నిమిరి, "ఎవరి పిల్లవమ్మా నువ్వు? ఏడవకు, మీ అమ్మ వస్తుందిలే" అంది.

ఆ తర్వాత శ్రావణం వచ్చింది. ఒకరోజు జోరువానలో రైలు గేటు పడింది. గొడుగు వేసుకుని నిలబడ్డ విమల కళ్ళకి గేటు గది వెనక ఒక గులాబీ కనిపించింది. పువ్వులు మూడే, అవీ చిన్నవి. ఆకు మాత్రం నేల దాకా పచ్చగా ఉంది, ఒక్క మచ్చ లేదు.

గేటు కాసే అతని భార్య పైడమ్మ నవ్వింది. "ఏటమ్మా, వానలో గులాబీ సూడ్డానికొచ్చినారా?"

"దీనికేం మందు కొడతావు పైడమ్మా?"

"మందా! మాకే మందుల్లేవు, దీనికేటి? పువ్వు సూసి తెచ్చుకున్నోళ్ళు ఏడుస్తారమ్మా. వానలో కింది ఆకు సూడాల. ఎండకీ వానకీ మంచుకీ నిలబడ్డదే మన పెరడుకి సుట్టం."

"ఎక్కడిది నీకిది?"

"నా పెద్దపాప పుట్టినేడు సుభద్రమ్మగారని ఒకావిడ కొమ్మిచ్చినారు. పైడీ, ఎవరడిగినా లేదనకు, అన్నారు."

రైలు వెళ్ళిపోయింది, గేటు లేచింది. విమల మాత్రం కదల్లేదు. "ఆవిడ మా అమ్మ" అంది.

పైడమ్మ మూడు కొమ్మలు కోసింది. కోసిన చివర్లకి పేడ ముద్ద పెట్టి ఇచ్చింది. ఒకటి కుళ్ళింది, ఒకటి ఎండింది, ఒకటి చిగురేసింది. విమల దాన్ని పొద్దుటి ఎండ పడేచోట, గాలి ఆడేలా పెట్టింది. ఈసారి ఆకు తడపకుండా మొక్క మొదలుకే నీళ్ళు పోసింది.

మరుసటి శ్రావణ శుక్రవారం, వానలోనే, అది పూసింది.

సుభద్రమ్మ గుమ్మంలోకి వచ్చి, "నా గులాబీ ఏదమ్మా?" అంది.

"ఇదిగో అమ్మా."

ఆవిడ పువ్వు వంక చూడనే లేదు. వంగి కింది ఆకు తిరగేసి, బొటనవేలితో రాసి చూసింది. తర్వాత లేచి, "పైడి అడిగింది. ఒక కొమ్మ కోసి ఇవ్వు. ఎవరడిగినా లేదనకు" అంది.

విమల పేరు మాత్రం ఆవిడకి మళ్ళీ గుర్తు రాలేదమ్మా. అబద్ధం ఎందుకు చెప్పను? మర్నాడూ అడిగింది, ఆ మర్నాడూ అడిగింది. బతికినన్నాళ్ళూ రోజూ, "నా గులాబీ ఏదమ్మా?" అని అడుగుతూనే ఉంది. రోజూ విమల, "ఇదిగో అమ్మా" అంటూనే ఉంది.

మన గుమ్మం పక్కనున్నది దాని కొమ్మకి కొమ్మ. రేపు పొద్దున మీ పిన్నిని అడుగు, గేటు దగ్గరావిడ పైడమ్మా, పోలమ్మా అని. తప్పు చెప్పి ఉంటే సరిదిద్దమను. ఆ పేరు పోకూడదు.

కథ వెళ్ళె కంచికి,
కొమ్మ చేరె పెరటికి,
కునుకు రావె కంటికి.