వేరుశనగ నేలకు అప్పగించింది

ఒకప్పుడు వేరుశనగకు మహా గర్వం. అప్పట్లో దాని కాయలు చిక్కుడుకాయల్లా పైన కొమ్మలకే వేలాడేవి. ఎండిన కాయలు గాలికి గలగలమంటుంటే మొక్క నిటారుగా నిలబడి ఆ చప్పుడు వినేది. ఎవరి ముందూ వంగేది కాదు.

అది ఉండేది మన దేశంలో కాదు, మహాసముద్రానికి అవతలి ఒడ్డున. అక్కడివాళ్ళకు ఇటు ఒక ఒడ్డు ఉందని తెలీదు. ఇక్కడివాళ్ళకు అటు ఒక ఒడ్డు ఉందని తెలీదు. తెలిసింది సముద్రానికొక్కదానికే. దాన్ని ఎవరూ అడగలేదు, అది ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు ఆ ఒడ్డుకు ఓడ వచ్చింది. దాన్ని చూసి అక్కడి చెట్లన్నీ ఊగడం మానేశాయట. తెల్లటి తెరచాపలు ఎత్తుకుని నీళ్ళ మీద ఒక కొండ నడిచి రావడం అవి ఏనాడూ చూడలేదు మరి. ఓడవాళ్ళు దిగి, బస్తాల నిండా వేరుశనగ కాయలు కోసుకుని, దారిలో తినడానికి ఓడలో వేసుకున్నారు.

ఆ ప్రయాణం ఎంతకీ తెమల్లేదు. పొద్దు సముద్రంలోంచే లేచేది, సముద్రంలోకే దిగేది. మధ్యలో నీళ్ళు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. లోకం ఇంత పెద్దదా అని కాయలు బస్తాల్లో ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి. ఓడవాళ్ళు గుప్పెళ్ళతో తిన్నారు. ఎలుకలు వాళ్ళకేమీ తీసిపోలేదు. చివరికి ఒక్క కాయ మిగిలింది. అది కూడా సరంగు ఎర్రన్న నడుముగుడ్డలో ఉండబట్టి మిగిలింది. ఓడలో పనివాళ్ళందరికీ పెద్ద ఈ ఎర్రన్న, మన ఒడ్డువాడే. ఇంటికి వెళ్ళాక అక్కకు చూపిద్దామని దాచాడు.

అక్క పేరు ఓలమ్మ. సముద్రం ఒడ్డునే ఆవిడకు ఇసక చేను ఉంది. ఏటా చోళ్ళు, అంటే రాగులు, చల్లేది, ఏటా పంట తగ్గేది. నేల బక్కచిక్కిపోయింది. అందులో గడ్డి కూడా ఇష్టం లేనట్టే మొలిచేది.

ఓలమ్మ కాయను చెవి దగ్గర ఊపి చూసింది. లోపల రెండు గింజలు చప్పుడు చేశాయి. ఇలాంటిది ఎప్పుడూ చూడలేదే, ఎక్కడిదిరా అని తమ్ముణ్ణి అడిగింది.

"ఈ సముద్రానికి అవతల ఇంకో ఒడ్డుందప్పా. అక్కడిదీ కాయ. కొమ్మలకి కాస్తాది," అన్నాడు ఎర్రన్న.

ఓలమ్మ సముద్రం కేసి చూసింది. పుట్టినప్పటినుంచి రోజూ చూస్తున్న సముద్రమే. అది ఎక్కడో ఒకచోట ఆగుతుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. ఆ పూట గంజి కూడా తాగకుండా ఒడ్డునే కూర్చుండిపోయింది.

మర్నాడు కాయను అలాగే తీసుకెళ్ళి చేలో పాతింది. రెండు గింజల్లో ఒకదాన్ని నేల కుళ్ళబెట్టి తినేసింది. రెండోది మొలిచింది. తన పక్కనే చెల్లెలు మట్టిలో కలిసిపోవడం అది చూసింది. ఈ ఒడ్డున తన జాతిలో మిగిలింది తానొక్కతేనని దానికి అర్థమైంది. తాను ఎండిపోయేలోగా ఒక్క కాయైనా నిలవాలి. నిలవకపోతే ఇంత సముద్రం దాటి వచ్చినట్టు చెప్పడానికి కూడా ఎవరూ ఉండరు.

మొక్క పెరిగింది, పసుపురంగు పూలు పూసింది, పైన కొమ్మలకు కాయలు కాసింది. కొత్తది కనిపిస్తే మన కాకి ఊరుకుంటుందా? తానొక్కతే తిని పోయినా కొంత నయం. అరిచి ఊళ్ళో కాకులన్నిటినీ పిలిచింది. చిలకలైతే పిలవకుండానే వచ్చాయి. సాయంత్రానికి కొమ్మలు బోడిగా మిగిలాయి.

అప్పుడు మొక్క సముద్రాన్ని పిలిచి, నన్ను మా ఒడ్డుకు తీసుకుపొమ్మని బతిమాలింది.

ఒక అల వచ్చి వెళ్ళాక సముద్రం నెమ్మదిగా చెప్పింది. "అక్కడ నీ చోట ఇప్పుడు చెరకు నిలబడి ఉందే పిల్లా. అది ఈ ఒడ్డునుంచే వెళ్ళింది, నేనే మోశాను. మంచివీ మోశాను, జ్వరాలూ మోశాను. ఏ ఓడలో ఏముందో వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. రెండు ఒడ్లూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఇక ఏదీ మునుపటిలా ఉండదు, నేను కూడా."

ఆ మాటకు మొక్కకు భయం వేసింది. భయం కంటే పెద్దదేదో కూడా వేసింది, ఆకులన్నీ జలదరించాయి. తన చోట చెరకు. చోళ్ళు ఉండాల్సిన చోట తాను. లోకమంతా లేచి చోటు మారి కూర్చుంటోంది. వెనక్కి వెళ్ళడమన్నది ఇక లేదు.

అడుగు కొమ్మన, ఆకుల చాటున, కాకి కంటపడని పూవు ఒకటి మిగిలింది. దానికి కాసే కాయను దాచుకోవాలి. ఎవరి దగ్గర దాచాలి? గాలి ఒకచోట నిలవదు. కాకి సంగతి సరేసరి. ఇక ఉన్నది నేల ఒక్కటే, చెల్లెల్ని తిన్న నేల.

మొక్క నిటారుగా నిలబడే ఉండి నేలను అడిగింది. నేలకు వినపడలేదు. గట్టిగా అడిగింది. అయినా వినపడలేదు. నేలతో మాట్లాడాలంటే వంగాలి కదా. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ వంగని ఆ మొక్క, వాడిన పూవు అడుగునుంచి సన్నటి ఊడ ఒకటి దించింది. ఊడ దారంలా కిందికి కిందికి దిగి మట్టిని తాకింది.

"అమ్మా, నా బిడ్డను దాస్తావా?"

"నాకు ఆకలి," అంది నేల. "ఏటా నా ఒంట్లోది పట్టుకుపోతారు. తిరిగి ఒక్క ముద్ద పెట్టినవాళ్ళు లేరు. నీ చెల్లెల్ని కావాలని తినలేదు, ఆకలికి తిన్నాను. నువ్వు దాచమన్నదాన్ని మాత్రం తినకుండా ఉంటానని ఎలా చెప్పను?"

నీకు నేను పెడతానంది మొక్క. గాలిలో ఉన్న బలాన్ని వేళ్ళకు దించి, చిన్న చిన్న బుడిపెల్లో మూటకట్టి అందించింది. నేల రుచి చూసింది. ఎన్నో ఏళ్ళకు దాని కడుపు నిండింది. దాస్తాను, ఎవరు లాగినా వదలనని మాట ఇచ్చి, ఊడ కొసను లోపలికి తీసుకుని మట్టి కప్పింది. ఆ తర్వాత పూసిన ప్రతి పూవూ అలాగే ఒక ఊడను దించింది.

పైకి మాత్రం ఏమీ కనిపించలేదు. కాకి వచ్చి చూసి తిట్టుకుంటూ పోయింది. ఓలమ్మ కూడా రోజూ వచ్చి కొమ్మలు వెతికేది. కొమ్మకు కాస్తాదని తమ్ముడు చెప్పాడు మరి, ఆవిడ తప్పేముంది? ఒక్క కాయ లేదు. ఆకులు పండిపోతున్నాయి. ఇది గొడ్డుమొక్క, ఈ చేనుకు ఇక రోజులు చెల్లాయి, వదిలేసి రేవులో కూలికి పోదామనుకుంది. పోయేముందు మొక్కను మేకకు వేద్దామని మొదలు పట్టుకుని లాగింది.

నేల వదల్లేదు. ఓలమ్మ రెండు చేతులా లాగింది. నేల బిగబట్టింది. ఆఖరికి ఓలమ్మ వెనక్కి కూలబడింది. మొక్క చేతిలో ఉంది. దాని కింద గుత్తులు గుత్తులుగా కాయలు, మట్టి రాలుస్తూ.

ఓలమ్మ లేవలేదు. కాయల్ని చూసింది, మట్టిని చూసింది, తల తిప్పి సముద్రాన్ని చూసింది. అంత దూరంనుంచి వచ్చినదాన్ని తన బక్క నేల సాకిందంటే ఆవిడకు నమ్మబుద్ధి కాలేదు.

"కొమ్మకి కాసేదాన్ని కడుపులో దాచినావేటి, తల్లీ," అని నేలకు రెండు చేతులూ జోడించింది.

వాటిలో ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోలేదు. కూలికీ పోలేదు. మరుసటి ఏడు వాటినే విత్తింది. ఆ పై ఏడు అదే చేలో చోళ్ళు చల్లితే నడుమెత్తు లేచాయి. ఊరంతా చూడ్డానికి వచ్చింది. వచ్చినవాళ్ళందరికీ ఓలమ్మ దోసిట్లో వేరుశనగ గింజలు పోసి పంపింది. ఊళ్ళో దీపాల్లోకి కొత్త నూనె వచ్చింది, గంజిలోకి కొత్త పచ్చడి వచ్చింది.

అయితే మొక్కను పీకిన రోజు జరిగిన ఒక సంగతి ఓలమ్మకు తెలీదు. నేల ఒక కాయను మాత్రం వదల్లేదు. ఊడ తెగిపోయినా పిడికిట్లో పెట్టుకునే ఉంది. అది మాట ఇచ్చింది మొక్కకు, ఓలమ్మకు కాదు కదా.

అప్పటినుంచే వేరుశనగ పూవును ఎండకు చూపించి, కాయను మట్టికి అప్పగిస్తుంది. అప్పటినుంచే దాని వేళ్ళ బుడిపెల్లో నేలకు కూడు ఉంటుంది. మీరు ఎంత జాగ్రత్తగా పీకినా ఒకటో రెండో కాయలు లోపలే ఉండిపోతాయి. వెతికినా దొరకవు. తొలకరి పడ్డాక అవే మొలుస్తాయి, ఎవరూ విత్తకుండానే, ఎప్పటినుంచో ఈ ఒడ్డునే ఉన్నట్టు.