ఏనుగుల బెల్లం

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు, నూరు ఏనుగులు. ఏనుగుల మేత కొట్టుకు అధికారి సంగన్న. చిన్న రాకుమారుడు ఉదయసేనుణ్ణి భుజాలమీద ఆడించి పెంచినవాడు ఆయనే. ఏడాదిగా సంగన్న ఒక్కరోజైనా ఇంటిపట్టున ఉండలేదు. జ్వరమొచ్చినా తాళంచెవి ఇంకొకరి చేతికివ్వలేదు. "ఎంత నమ్మకస్తుడో!" అనుకునేవారంతా.

ఆ ఏడాదే ఏనుగులు చిక్కి డొక్కలు తేలాయి. మావటి గంగులు మేత దొంగిలిస్తున్నాడని నింద పడింది. "అసలు సంగతి తేల్చండి. లేదంటే గంగులుకు దేశబహిష్కారమే!" అన్నాడు రాజు కొడుకులతో.

పెద్దవాడు కొట్టు వాకిట కాపలా పెట్టాడు. కాపలా ఉన్నన్నాళ్లూ చిటికెడు తవుడు కూడా బయటికి పోలేదు. రెండోవాడు బస్తాలన్నీ తూయించాడు. తూకం సరిపోయింది.

ఉదయసేనుడు ముసలి ఏనుగు మేఘమాల తొండం నిమురుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అది మెల్లగా అంది: "నాయనా, బస్తాలు తూచారు గాని ఎవరైనా విప్పారా? నా పళ్లకింద మట్టి కరకరలాడుతోంది. ఆ తాళంచెవి మూడురోజులు చేయి మారనీ."

ఉదయసేనుడు సంగన్న దగ్గరికెళ్లాడు. "మామా, అలిసిపోయావు. మూడురోజులు విశ్రాంతి తీసుకో."

"వద్దు బాబూ! నేను లేకపోతే కొట్టు నడవదు!" సంగన్న తాళంచెవిని వెనక్కి దాచుకున్నాడు. పెంచిన మామనే అనుమానించాల్సి వచ్చిందే అని ఉదయసేనుడు బాధపడ్డాడు. అయినా తాళంచెవి కోసం చేయి చాపాడు.

తాళంచెవి అందుకున్న కొత్తమనిషి బస్తాలు విప్పాడు. పైన బెల్లం, అడుగున బంకమన్ను!

సంగన్న ఉదయసేనుడి చేతులు పట్టుకున్నాడు. "నా బిడ్డ పున్నాగను ఏడు కొండల అవతలి మాయావి చిలకను చేశాడు బాబూ. అమ్మమ్మ ఊళ్లో ఉందని అందరితో బొంకాను. తన చిలకల మేతకు బెల్లం పంపకపోతే దాన్ని చంపుతానన్నాడు. మళ్లీ పెట్టేద్దామనే మొదటి బస్తా తీశాను. ఆ ఒక్కటీ కప్పిపుచ్చడానికి ఇంకొకటి, ఇంకొకటి..."

"నాతో ఎందుకు చెప్పలేదు మామా?"

"నన్ను మంచివాణ్ణనుకునేవాడివి కదా! అది పోగొట్టుకోలేకపోయాను."

ఉదయసేనుడు ముందు గంగులు మీది నింద మాపించాడు. తర్వాత సంగన్నను వెంటబెట్టుకుని, మేఘమాలనెక్కి కొండ దాటి కొండ, కొండ దాటి కొండ, ఏడు కొండలూ దాటాడు.

మాయావి నవ్వాడు. "ఈ నూరు చిలకల్లో మీ పిల్ల ఏదో చెప్పు. చెబితే నా మాయ నశిస్తుంది. తప్పితే నువ్వూ చిలకవే!"

ఉదయసేనుడు ఏనుగుల కొట్టునుంచి తెచ్చిన బెల్లం చల్లాడు. తొంభైతొమ్మిది చిలకలు ఎగబడ్డాయి. ఒకటి మాత్రం ముఖం తిప్పుకుంది.

"ఎందుకు తినవమ్మా?"

"ఏనుగుల నోటికాడి కూడు. నాకు గొంతు దిగదు."

"ఈమే పున్నాగ!" అన్నాడు. మాయావి పొగై పోయాడు. చిలకలన్నీ మనుషులయ్యాయి. తండ్రీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

సంగన్న రాజు ఎదుట శిక్ష కోరి నిలబడ్డాడు. "అధికారం పోయింది. ఇక రోజూ గంగులు చెప్పినట్టు ఏనుగులకు నీ చేత్తో ముద్దలు పెట్టు," అన్నాడు రాజు. కొట్టుకు రెండు తాళాలు వేయించి, తాళంచెవులు చెరొకటి ఇద్దరికిచ్చాడు. ఏటా నెల్లాళ్లు వాళ్లకు తప్పనిసరి సెలవన్నాడు.

ఉదయసేనుడికీ పున్నాగకూ పెళ్లయింది. పెళ్లినాడు సంగన్న మేఘమాలకు ముద్ద అందించాడు. అది చాలాసేపు వాసన చూసి, తొండం ఆయన తలమీద ఆనించి, నోరు తెరిచింది.

నిజం తేల్చినందుకు, చిన్నవాడైనా ఉదయసేనుడే రాజై చిరకాలం ఏలాడు. ఏనుగులు కడుపునిండా తిన్నాయి, మనమూ చల్లగా ఉన్నాం.