సాయవ్వ గంప

చెప్పేవాళ్లు చెప్పగా, వినేవాళ్లు వినగా మన దాకా వచ్చిన కథ ఇది. ఎప్పటిదో ఎవరికీ తెలీదు. గోదారి దాపున ఒక ఊళ్లో సాయవ్వ అనే ముసలామె ఉండేది. రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత మడి ఆమెది. అందులో పసుపు పండించేది. ఏడాదికి ఒక్క పెద్ద గంపెడు వచ్చేది. ఆ గంపే ఆమె ఏడాది తిండి.

ఊళ్లో అందరివీ అలాంటి మళ్లే. పసుపు తవ్వగానే దాన్ని కొనే వీరేశం సేటు బండి కట్టుకుని దిగేవాడు.

"పచ్చి పసుపు. ఊకె ఉంచితే కుళ్లిపోతది. ఇచ్చింది తీసుకో" అనేవాడు. మొదటి ఇంట్లో అదే మాట. రెండో ఇంట్లో అదే మాట. మూడో ఇంట్లోనూ అదే మాట.

ఉడకబెట్టి ఎండబెడితే పసుపు ఏడాదైనా చెడదు, మంచి ధర పలుకుతుంది. కానీ ఉడకబెట్టడానికి పెద్ద కొప్పెర కావాలి. అది ఏ ఒక్కరి వల్లా అయ్యే పని కాదు. చివరికి తలా ఒక పాత రాగి బిందె తెచ్చిస్తే, కంచరాయన కరిగించి ఒకే కొప్పెర చేశాడు. ఊరంతా సంబరపడింది. ఆ సంబరం పొయ్యి దాకానే.

"నా పసుపు బంగారం లెక్క ఉంటది. వేరేటోళ్లదాంట్ల కలపను" అన్నాడు ముత్తెన్న.

"నా కొమ్ములు లావు. నేను కలపను" అన్నాడు రాజన్న.

"నేను గూడ కలపను" అంది భూదవ్వ. ఎందుకో ఆమెకే తెలీదు.

అంత కొప్పెరలో ఒక్కరి పసుపే పోస్తే ఆవిరి నిలవదు, అడుగంటి మాడుతుంది. అందుకే ఎవరూ పోయలేదు. సేటు అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు.

అప్పుడు సాయవ్వ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. కొప్పెరలో కాసిని నీళ్లు పోసింది. తన పసుపంతా కుమ్మరించింది. పొయ్యి ముట్టించింది.

"ఏం చేస్తున్నవ్ అవ్వా? మాడిపోతది, తీసెయ్" అన్నాడు ముత్తెన్న.

"తియ్యను బిడ్డా. మీరు పోస్తే ఉడుకుతది. పొయ్యకుంటే మాడుతది. మీ ఇష్టం."

ఆమె కట్టెలు ఎగదోస్తూనే ఉంది. నీళ్లు సలసల కాగి ఇగిరిపోసాగాయి. ముత్తెన్న చూడలేకపోయాడు. తన గంప తెచ్చి పోశాడు. ఆ వెనక రాజన్న పోశాడు. ఆ వెనక భూదవ్వ పోసింది. ఇంక ఆగేదెవరు? బిందెల్తో నీళ్లు, గంపల్తో పసుపు వచ్చి పడ్డాయి. కొప్పెర నిండింది. పైన పసుపాకులు కప్పి ఉడికించారు.

ఎండాక కళ్లంలో ఒకటే కుప్ప. సేటు మొదటి ఇంటికి వెళ్తే తాళం, రెండో ఇంటికి వెళ్తే తాళం, మూడో ఇంటికీ తాళమే. అందరూ కుప్ప దగ్గరే ఉన్నారు.

"ఈడ మాట్లాడు సేటూ. ఇది ఊరి పసుపు" అంది సాయవ్వ.

సేటు గొణిగాడు, సణిగాడు, మంచి ధరే ఇచ్చాడు. పోసిన గంపల్ని బట్టి పంచుకున్నారు. ఆ ఏడు సాయవ్వ కడుపు నిండా తింది. ఊరూ తింది. అదంతా ఆమె చలవే.

కొన్నేళ్లకు సాయవ్వ పోయింది. ఆ ఏడు కొప్పెర చుట్టూ అందరూ గంపలతో నిలబడ్డారు. ముందు పోయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. భూదవ్వ వెళ్లి సాయవ్వ ఖాళీ గంప తెచ్చి, తన పసుపు ఒక దోసెడు వేసింది. తలా ఒక దోసెడు వేశారు. గంప నిండింది. దాన్నే ముందు పోశారు.

ఇప్పటికీ సాయవ్వ గంప పడందే ఆ ఊళ్లో పొయ్యి ముట్టించరు. ఆ గంపకు వచ్చే వాటా ఆ ఏడు పంట పోయిన ఇంటికి వెళ్తుంది. ఆ ఇంటివాళ్లు తీసుకోవడానికి మొహమాటపడితే, ఊరివాళ్లు ఒకటే మాట అంటారు.

"మేమిచ్చేది కాదు. అవ్వ పంపింది, తీసుకోండి."