అక్కగారి అయిదు ఊళ్ళు

గోరువంక అని ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. పటంలో వెతక్కండి, దొరకదు. దాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. రాజ్యం చిన్నదే గాని రాజుగారి బిరుదులు చిన్నవి కావు. భటుడు ‘రాజాధిరాజ’ అని అందుకున్నాడంటే, ఆ వరస పూర్తయ్యేలోపు సభకు వచ్చినవాళ్ళు ఒక కునుకు తీసి లేచేవాళ్ళు.

మనిషి మాత్రం చెడ్డవాడు కాడు. తనకు తెలియనిది లోకంలో లేదనుకోవడం ఒక్కటే ఆయన జబ్బు.

అరవయ్యో ఏడు రాగానే ఆయనకు కాశీ వెళ్ళాలని బుద్ధి పుట్టింది. ఆ రోజుల్లో కాశీ ప్రయాణమంటే మాటలా? దారి పొడుగునా అడవులు, దొంగలు, జ్వరాలు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని పెద్దలు ఊరికే అనలేదు. అందుకే బయలుదేరేవాడు ముందు వీలునామా రాసి, తన తర్వాత ఏది ఎవరికి చెందాలో తేల్చి, అప్పుడు గుమ్మం దాటేవాడు. అది ఆనవాయితీ.

రాజుగారూ రాయించారు. రాసినవాడు ఆస్థానంలో రాయసం చేసే గవరయ్య. అంటే రాజుగారు నోటితో చెప్పిందంతా గంటంతో తాటాకుల మీదికి ఎక్కించేవాడు. మొత్తం నలభై ఆకులు వచ్చాయి. అందులో ముప్పై ఆకులు బిరుదులకే సరిపోయాయి. తొమ్మిది ఆకుల్లో రాజ్యమూ కోటా ఏనుగులూ యువరాజుకు చెందాయి. నలభయ్యో ఆకు అలివేలమ్మది.

అలివేలమ్మ రాజుగారి అక్క. ఆరేళ్ళప్పుడు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. ఒళ్ళు పెరిగింది గాని, మనసు ఆ ఆరో ఏటి దగ్గరే ఆగిపోయింది. కోట వెనక తోటలో పావురాలకు జొన్నలు చల్లుకుంటూ, ఎవరు పలకరిస్తే వాళ్ళతో నవ్వుతూ కాలం గడిపేది. చిన్నప్పుడు తన వంతు అరిసె కూడా తమ్ముడికే పెట్టేసేది. తల్లిదండ్రులు పోతూ పోతూ ఆమె చెయ్యి తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టారు. తను కాశీ నుంచి తిరిగి రాకపోతే ఆ చెయ్యి ఎవరు పట్టుకోవాలి? బయటికి చెప్పడు గాని, రాజుగారికి నిద్రపట్టనివ్వని దిగులు అదొక్కటే.

అందుకని నలభయ్యో ఆకులో ఆమెకు అయిదు ఊళ్ళు రాసిచ్చాడు. అయిదూ మాగాణి ఊళ్ళే. రాయించి, సభలో మీసం దువ్వుకున్నాడు.

“చూశావా గవరయ్యా! ఇందులో చీమ దూరే సందైనా ఉందా?”

“చీమ దూరే సందు లేదు ప్రభూ. మనిషి దూరే సందు ఉందేమోనని నా అనుమానం.”

మీసం మీద రాజుగారి చెయ్యి ఆగిపోయింది.

“అయితే చూపించు! నేను కాశీకి బయలుదేరేలోగా ఒక్క లోపం చూపించావా, అడిగింది ఇస్తాను. చూపలేకపోయావో, నా పల్లకీ ముందు నా బిరుదులన్నీ చదువుతూ కాశీదాకా నడవాలి. సరేనా?”

గవరయ్య తల ఊపాడు. ఆయన భయం ఆ నడక గురించి కాదు. నలభయ్యో ఆకు గురించి.

“ప్రభూ, నాటకాలవాళ్ళు ముందు ఒకసారి ఆడి ఒద్దికలు చూసుకోకుండా రంగం ఎక్కరు. మన వీలునామాను కూడా ఒక్కరోజు నడిపించి చూద్దాం. అమ్మగారి ఊళ్ళ పత్రాలు రేపే ఆవిడ చేతిలో పెడదాం.”

“పెట్టు! దానికేం?”

పొద్దున్నే పత్రాలు అలివేలమ్మ చేతికి వెళ్ళాయి. పొద్దు వాలకముందే ఆమె నవ్వుకుంటూ సభకు వచ్చింది. చేతులు ఖాళీ.

“తమ్ముడూ! అన్నీ ఇచ్చేశానురా!”

“ఇచ్చేశావా? ఎవరికక్కా?”

“పూలు తెచ్చే సూరమ్మకు ఒకటి. పాపం, దానికి మోకాళ్ళ నొప్పులట. మావటివాడికి ఒకటి. ఏనుగు చేత నాకు దణ్ణం పెట్టించాడు కదా మరి! వంటాయన బూరెలు తెచ్చాడు, ఆయనకు ఒకటి. ఒకటి పావురాలకి.”

“పావురాలకి ఊరా!”

“తోట చిన్నదైపోయిందిరా వాటికి.”

“అయిదోది?”

“ఎవరో పెద్ద తలపాగా ఆయన వచ్చాడు. వాళ్ళ రాజుగారికి మన పొలిమేర ఊరంటే ఎంతో ఇష్టమట. అంత ఇష్టమైతే తీసుకోండి నాయనా అన్నాను.”

ఉద్దండవర్మ సింహాసనం మీంచి ఒక్క దూకు దూకాడు. “పొరుగు రాజు దూత! ముప్పై ఏళ్ళు కత్తి దించకుండా కాపాడుకున్న పొలిమేర, నాయనా అని ఇచ్చేశావా!”

అలివేలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “తప్పా తమ్ముడూ? వాళ్ళు అడిగారు కదా!”

గవరయ్య ముందుకొచ్చాడు. “మీది తప్పేమీ లేదమ్మా. ప్రభూ, తమరు కంగారు పడకండి. ఆ పత్రాల మీద రాజముద్ర వేయలేదు. చెల్లవు.”

అప్పుడే పూలబుట్ట చంకన పెట్టుకుని సూరమ్మ వచ్చింది. తన పత్రం తీసి అలివేలమ్మ ఒళ్ళో పెట్టింది. “ఊరు నేనేం చేసుకుంటానమ్మా? మోకాలికి రాసుకుంటానా? దాచుకో తల్లీ.” తక్కినవాళ్ళ దగ్గరికి మాత్రం భటులు వెళ్ళాల్సి వచ్చింది.

“లోపం కనబడిందా ప్రభూ?” అన్నాడు గవరయ్య.

రాజుగారు ఒప్పుకునే రకమా? “లోపం వీలునామాది కాదు, మా అక్క మనసుది!”

“ఆ మనసుకేం, బంగారం. దానికి తగ్గట్టు రాయకపోవడమే లోపం.”

“సరే, తగ్గట్టే రాస్తాను, రాసుకో! మా మంత్రి విశ్వంభరయ్య ఎంతటి నిజాయితీపరుడో దేశమంతటికీ తెలుసు. అయిదు ఊళ్ళూ ఆయన చేతిలో ఉంటాయి. ఆ రాబడితో అక్కకు కావలసినవన్నీ అమర్చాలి. అక్క తర్వాత, ఖర్చు కాగా మిగిలిందంతా ఆయనదే. ఊరికే చేయించుకుంటామా మరి? ఇప్పుడు చూపించు సందు!”

గవరయ్య ఆ వాక్యం రాసి, గంటం పక్కన పెట్టాడు.

“ప్రభూ, సందు ఇంకా పెద్దదైంది.”

“విశ్వంభరయ్యను అనుమానిస్తున్నావా?”

“మంత్రిగారి మీద నాకు ఈగవాలినంత అనుమానం లేదు. ఈ వాక్యం మీదే. దీన్నీ కొన్నాళ్ళు నడిపించి చూడండి.”

కాశీ ప్రయాణానికి ముందు రాజుగారు నలభై రోజులు అడవిలో దీక్ష చేయాలి. ఆ నలభై రోజులూ ఈ ఏర్పాటు నడిచేట్టు ముద్ర వేసి, ఆయన అడవికి వెళ్ళాడు. అది పుష్యమాసం. పొద్దెక్కినా మంచు విడవని చలి.

దీక్ష ముగిసిన రోజున గవరయ్య అడవికి వెళ్ళి, “ప్రభూ, ఇవాళ మేళతాళాలు లేకుండా తోట గుమ్మం నుంచి వద్దాం” అన్నాడు. గడ్డం పెరిగి, నారబట్ట చుట్టుకున్న రాజును తోటమాలి కూడా పోల్చుకోలేదు. ఎవరో బైరాగి అనుకుని పక్కకు జరిగాడు.

తోటలో అలివేలమ్మ ఆరిపోతున్న కుంపటి ముందు కూర్చుని ఉంది. భుజాన పాత శాలువ. వెనక ఆకాశం కనిపించేటన్ని చిల్లులు. పావురాలు సగం కూడా లేవు. ఆమె తలెత్తి బైరాగిని చూసింది.

“నీకూ చలేస్తోందా? ఇట్లా రా. ఇద్దరం కప్పుకుందాం.” శాలువ ఒక కొస పైకెత్తి పట్టుకుంది.

రాజుగారు వెళ్ళి ఆ కొస కింద కూర్చున్నాడు. “అక్కా” అన్నాడు.

ఆమె ఆయన గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఓరి, తమ్ముడివా! ఇందులో దాక్కున్నావేమిట్రా!”

“కొత్త శాలువ ఇవ్వలేదా అక్కా?”

“వచ్చే ఏడు కొందామన్నారు మంత్రిగారు. ఇంకా ఇది చిరగలేదట.”

“పాలు?”

“రోజు విడిచి రోజు. రోజూ తాగితే అరగవట.”

“పావురాలకు జొన్నలు?”

“వాటికి రెక్కలున్నాయిగా, ఎగిరివెళ్ళి తెచ్చుకుంటాయన్నారు. తెచ్చుకోవడానికే వెళ్ళినట్టున్నాయి, ఇంకా రాలేదు.”

మంత్రిని పిలిపించారు. విశ్వంభరయ్య వచ్చాడు. చిల్లుల శాలువ కింద రాజును చూశాడు. చేతులు జోడించాడు గాని తల పైకెత్తలేకపోయాడు.

“ఒక్క గింజ దొంగిలించలేదు మహారాజా. ఒట్టు. కాని అమ్మగారు శాలువ అడిగిన రోజున, పాతది ఇంకో ఏడు రాదా అనిపించింది. పాలు అడిగినప్పుడు, ఈ వయసులో అన్ని పాలా అనిపించింది. ‘మిగిలింది నీదే’ అన్న ఆ మాట రోజూ చెవిలో పడుతూనే ఉంది. నా పిడికిలి ఎప్పుడు బిగుసుకుందో నాకే తెలియలేదు.”

రాజుగారి చెయ్యి కత్తి కోసం నడుము దగ్గరికి పోయింది. దీక్ష నుంచి నేరుగా వచ్చాడు కనుక అక్కడ కత్తి లేదు. మంచిదే అయింది.

“ఆయన మీద కోపం వద్దు ప్రభూ” అన్నాడు గవరయ్య. “ఆయన చోట నన్ను కూర్చోబెట్టినా ఇంతే. అమ్మగారికి ఏది తక్కువైతే అది తనకు ఎక్కువయ్యేట్టు రాసి, మంచివాడిగా ఉండు అంటే, ఎంత మంచివాడైనా ఎన్నాళ్ళని ఉండగలడు?”

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఉద్దండవర్మ నోట ఆ మాట వచ్చింది. “తప్పు నాదే గవరయ్యా. ఎట్లా దిద్దాలో నాకు తోచడం లేదు. నువ్వే చెప్పు.”

గవరయ్య తోటలోనే కూర్చుని కొత్త ఆకు తీసి రాశాడు. అయిదు ఊళ్ళూ అలివేలమ్మ గారి బాగుకోసమే. అవి ఆమె చేతిలో కాదు, మంత్రిగారి చేతిలో ఉంటాయి గాని, ఆయనవీ కావు. ఆమె క్షేమంగా ఉన్న ప్రతి నెలా, ఆ నెల రాబడిలో పదోవంతు మంత్రిగారి ఇంటికి వెళ్తుంది. ఆమె కన్నుమూసిన రోజు నుంచి ఆయనకు ఒక్క గింజ ఉండదు. ఊళ్ళు బాటసారుల సత్రానికి పోతాయి. ఇక ప్రతి పున్నమికీ పూలు అమ్మే సూరమ్మ సభకు వచ్చి, ‘అమ్మ బాగుంది’ అని చెబితేనే మంత్రిగారి వంతు కొలవాలి. చేతిలోకి వచ్చిన ఊరిని అడక్కుండానే తిరిగి ఇచ్చింది ఆ పత్రాలు అందుకున్నవాళ్ళలో ఆమె ఒక్కతే కదా!

“నేనా? సభలోనా?” అంది పూలబుట్టతో అక్కడికి వచ్చి వింటున్న సూరమ్మ.

“నువ్వే. నచ్చకపోతే నచ్చలేదని గట్టిగా చెప్పు. మంత్రిగారని మొహమాటపడకు” అన్నాడు గవరయ్య.

“నాకు మొహమాటమా?” అని నవ్వింది సూరమ్మ. విశ్వంభరయ్య కూడా, పాపం, నవ్వు తెచ్చుకున్నాడు.

కొత్త ఆకుకు ముద్ర పడి పది రోజులైంది. రాజుగారు సభలో ఉండగా అలివేలమ్మ విసురుగా వచ్చింది. ఒకదాని మీద ఒకటి మూడు శాలువలు. వెనకాలే పాలగ్లాసుతో దాసి, ఆ వెనక వైద్యుడు, అందరికన్నా వెనక రొప్పుతూ విశ్వంభరయ్య.

“తమ్ముడూ! ఈయనకు నువ్వైనా చెప్పరా! పొద్దున ఒక్కసారి తుమ్మాను. ఒక్కసారే! కషాయం పట్టించాడు. ఉక్కపోస్తోందంటే వినడు. పావురాలకు ఎంత మేత వేయిస్తున్నాడో, అవి ఎగరలేక నడుస్తున్నాయి!”

“చల్లగాలి తగులుతుంది, తలుపు దగ్గర నిలబడకండి అమ్మగారూ!” అంటూనే ఉన్నాడు మంత్రి.

“చూడు, చూడు! ఈ మనిషి నన్ను నూరేళ్ళదాకా వదిలేట్టు లేడు!”

ఉద్దండవర్మ నవ్వాడు. మీసం దువ్వుకుంటూ నవ్వే నవ్వు కాదది. పొట్ట పట్టుకుని, కిరీటం పక్కకు ఒరిగేదాకా, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. అన్నేళ్ళ దిగులు ఆ నవ్వులో కరిగిపోయింది. సభ సభంతా నవ్వింది. విశ్వంభరయ్య చెవులు ఎర్రబడ్డా, గ్లాసు అందుకుని అమ్మగారికి ఇవ్వడం మాత్రం మరిచిపోలేదు.

“గవరయ్యా, పందెం నువ్వే గెలిచావు. ఇక నేను నిశ్చింతగా కాశీ వెళ్తాను. నీ పేర కూడా ఒక మాగాణి ఊరు వీలునామాలో రాస్తాను. నా తర్వాత అది నీదే.”

గవరయ్య గబగబా చేతులు అడ్డం పెట్టాడు. “వద్దు ప్రభూ, వద్దు! ఇవ్వదలచుకుంటే ఏదో ఒకటి ఇప్పుడే నా చేతిలో పెట్టండి. వీలునామాలో మాత్రం రాయకండి.”

“అదేమిటయ్యా, ఊరికి మించింది ఏం కావాలి?”

“తమరు కాశీకి వెళ్ళాక, క్షేమంగా తిరిగి రావాలని నేను పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి కదా. ఆ దణ్ణంలోకి ఊరు అడ్డం రాకూడదు ప్రభూ.”

రాజుగారు మళ్ళీ నవ్వాడు. ఈసారి చిన్నగా. సింహాసనం దిగివచ్చి, తన చేతి బంగారు కడియం తీసి గవరయ్య చేతికి స్వయంగా తొడిగాడు.