ఫోటోలో ఉన్నంతే సైకిలు

ఊరందరికీ పంచగా మిగిలిన తెలివి తమ ఇంటికి వచ్చిందంటే బుల్లబ్బాయి ఒప్పుకోడు. తమ ఇంట్లో పంచాక మిగిలిందే ఊళ్ళోకి వెళ్ళిందంటాడు. పేరు బుల్లబ్బాయే గానీ మనిషికి యాభై దాటాయి, మీసం నెరిసింది. బుర్ర మాత్రం కొత్తదానిలాగే ఉంది, వాడితే గదా అరగడానికి! గెద్దలమెట్టలో అతని సైకిల్ షాపు మీద బోర్డు చూడాలి: "ఇచ్చట బుర్రతో పని చేయబడును."

ఒకసారి పోస్టుమేను సైకిలు తెచ్చి, "బ్రేకు కాస్త చూడు బుల్లబ్బాయ్, సాయంత్రం వస్తా" అన్నాడు. అంతే, మనవాడు పీట వేసుకుని పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ బ్రేకునే చూస్తూ కూచున్నాడు. "చూశానండి. ఎక్కడికీ కదల్లేదండి" అని అప్పజెప్పాడు. ఇంకేముంది, పోస్టుమేను ఉత్తరాలతో సహా కాలవలో తేలాడు. ఆ తర్వాత షాపుకి ఈగలు తప్ప ఎవరూ రాలేదు.

"ఈ ఆదివారం దాకా చూస్తాను" అంది అతని పెళ్ళాం అచ్చియ్యమ్మ. "ఈలోగా ఒక్క పనైనా సరిగ్గా చేశారా సరే. లేదా, షాపు ఎత్తించేసి ఇక్కడే ఇడ్లీ పాత్ర పెడతాను."

బుల్లబ్బాయి బోర్డు కేసి చూశాడు. తాతల నాటి షాపు! ఇడ్లీ పాత్ర పాలవుతుందా?

సరిగ్గా ఆ రోజే రిటైరైన ఫారెస్టు రేంజరు భూపతిరాజుగారు వ్యానులో ఒక పాత సైకిలు తెచ్చి దింపారు. అలాంటిలాంటి సైకిలు కాదది, కొండలెక్కడానికే పుట్టిన సైకిలు. ఎర్ర రంగు, గుబ్బల టైర్లు, బొటనవేలితో తోసే గేరు మీటలు. ముప్ఫై అయిదేళ్ళ కిందట దాని మీదే ఘాట్ రోడ్డెక్కి కప్పు కొట్టారాయన. ఈ చుట్టుపక్కల అలాంటిది ఇంకోటి లేదు. దాని పాత సామాను కోసం పదకొండేళ్ళు ఊళ్ళు పట్టుకు తిరిగారు. వెనక చక్రం రిమ్ము ఒక్కదానికే నాలుగేళ్ళు పట్టిందట.

"ఆదివారం కొండకింద పాత సైకిళ్ళ పోటీ ఉంది" అన్నారు. "ఏ బండి తన కాలంలో ఎలా ఉందో అచ్చం అలాగే ఉంటే దానికి కప్పు. చచ్చేలోగా ఈ బండితో ఇంకోసారి కప్పు పట్టుకోవాలని నా కోరిక. కొత్తది ఏదీ పెట్టకు. అంతా ఆ కాలందే ఉండాలి. అనుమానం వస్తే ఇదిగో, గెలిచిన రోజు తీసిన ఫోటో. ఇందులో ఉన్నది ఉండాలి, లేనిది ఉండకూడదు."

"ఆయ్! అలాగేనండి. అయినా బజారు చివర అంత పెద్ద షాపు ఉండగా మా దగ్గరికి..."

"వాడు తెలివైనవాడయ్యా. సొంత తెలివి వాడతాడు. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేస్తావట గదా!"

పాపం రేంజరుగారు. అడవిలో పులి అడుగు చూసి దాని వయసు చెప్పిన మనిషికి, ఎదురుగా ఉన్న ఈ మొహం చూసి ఏమీ అర్థం కాలేదు!

నిజం చెప్పుకోవాలి, మొదటి రెండు రోజులూ పని బాగానే జరిగింది. బుల్లబ్బాయీ తమ్ముడు అబ్బులూ కలిసి తుప్పు గీకారు, ఎర్ర రంగేశారు, ఆయన తెచ్చిన సామానంతా బిగించారు. బండి ధగధగలాడింది. అక్కడితో ఆగితే వీళ్ళ గురించి చెప్పుకోవాల్సిన ఖర్మ మనకెందుకు?

అబ్బులు పంపు పట్టుకుని ఆగిపోయాడు. "అన్నయ్యా, అంతా ఆ కాలందే ఉండాలన్నారు గదా. మరి ఈ గాలి ఇవాళ్టిది."

బుల్లబ్బాయికి తమ్ముడి మీద ప్రేమ పొంగుకొచ్చింది. "మా నాయనే! ఇంత తెలివి ఎక్కడ దాచావురా?"

పాత గాలి ఎక్కడ దొరుకుతుంది? అచ్చియ్యమ్మకి తట్టింది. మామ్మ పోయిన దగ్గర్నుంచీ తాళం తియ్యని ట్రంకు పెట్టె అటక మీద ఉంది. ముప్ఫై అయిదేళ్ళుగా లోపలి గాలి లోపలే ఉంది! ఇంకేముంది, పెట్టె దించారు. తాళం తీసి, మూత కొంచెం ఎత్తి, పంపుతో సహా అబ్బుల్ని లోపలికి తోసేశారు. పంపు గొట్టం తాళం కన్నంలోంచి బయటికి లాగి టైరుకి తగిలించారు. పాత గాలి బయటికి పోకుండా బుల్లబ్బాయి మూత మీద ఎక్కి కూచున్నాడు.

"అన్నయ్యా, ఊపిరాడట్లేదు!"

"ఉన్న గాలంతా నువ్వే పీల్చేస్తే టైర్లకేం మిగుల్తుందిరా, దరిద్రుడా! బిగబట్టి కొట్టు!"

రెండు టైర్లూ నిండాక మూత తీస్తే అబ్బులు వంకాయ రంగులో తేలాడు. అయినా నవ్వుతూనే ఉన్నాడు. ఊళ్ళో ఇంకెవరి సైకిల్లోనూ అంత పాత గాలి లేదు మరి.

తర్వాత ముగ్గురూ ఫోటో ముందేసుకు కూచున్నారు. "బురద ఉంది గదండీ" అంది అచ్చియ్యమ్మ. పోటీ రోజు వాన పడింది, బండి నిండా బురద. అంతే, కొత్తగా వేసిన రంగు మీద రెండు తట్టల బురద మెత్తారు. ఫోటోలో పక్కన నిలబడ్డ రేంజరుగారి కాలు అడ్డమొచ్చి ఒక పెడలు కనపడలేదు. కనపడనిది ఉండకూడదు గదా! పెడలు ఊడదీశారు.

చివరికి అబ్బులు గతుక్కుమన్నాడు. "అన్నయ్యా! వెనక చక్రం సగమే ఉంది!"

ఫోటో తీసినవాడు తొందరపడ్డాడు. చక్రంలో సగం ఫోటో అంచు దాటి బయట ఉండిపోయింది. ఇంత చిన్న సంగతి చెబితే పసిపిల్లలకి కూడా తెలుస్తుంది.

"ఫోటో చిరిగిందేమో?" అంది అచ్చియ్యమ్మ.

బుల్లబ్బాయి అంచులు తడిమి చూశాడు. "ఎక్కడా చిరగలేదు. నిండు ఫోటోయే. అప్పట్లో వెనక చక్రాలు సగమే వచ్చేవి కాబోలు."

"సగం చక్రంతో కొండెలా ఎక్కారండీ?"

"అందుకే గదే కప్పిచ్చారు! నిండు చక్రంతో ఎవడైనా ఎక్కుతాడు!"

ఆ మాటకి ముగ్గురికీ రేంజరుగారి మీద గౌరవం రెట్టింపయింది. ఇనుము కోసే రంపం తెచ్చారు. టైరుకి రంపం తగలగానే బుస్సుమంది. "నేను బిగబట్టిన గాలి!" అని అబ్బులు ఏడ్చాడు. బుల్లబ్బాయి ఆగలేదు. రేంజరుగారు నాలుగేళ్ళు వెతికిన రిమ్ముని నలభై నిమిషాల్లో రెండు చేశాడు.

ఆదివారం పొద్దున్నే రేంజరుగారు పాత పోటీ చొక్కా వేసుకుని ఉత్సాహంగా దిగారు. షాపు గోడకి ఇటుకల మీద ఆనించి ఉంది సైకిలు. ఒంటి పెడలు, ఒంటి నిండా బురద, ఒకటిన్నర చక్రం. ఆయన పీట మీద కూలబడి ఆ సగం చక్రం మీద చెయ్యేసి, "పదకొండేళ్ళయ్యా" అన్నారు.

"ఫోటోతో సరిచూసుకోండి" అన్నాడు బుల్లబ్బాయి. "వెంట్రుకంత తేడా ఉంటే అడగండి. మిగిలిన సగం కూడా పారెయ్యలేదండి, దాచాం."

రేంజరుగారు లేచి, ఫోటో మాత్రం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ యేడు కప్పు ఎవరో పక్కూరాయన పట్టుకుపోయాడు. బుల్లబ్బాయి తప్పెక్కడ జరిగిందో వారం రోజులు ఆలోచించి, బురద కాస్త తక్కువైందని తేల్చుకున్నాడు.

అచ్చియ్యమ్మ అన్నంత పనీ చేసింది. రంపాలు, రెంచీలు అటకెక్కాయి, ఇడ్లీ పాత్ర దిగింది. బోర్డు మాత్రం మార్చలేదు. ఇడ్లీరవ్వ సంచీ మీద నోరూరించే బొమ్మ ఉంది. దాన్ని మొగుడి మొహం ముందు పెట్టి, "ఈసారైనా బుద్ధిగా చెయ్యండి. ప్లేటు అచ్చం ఇందులో ఉన్నట్టే ఉండాలి" అంది.

ఇడ్లీలు మొదలెట్టిన మర్నాడు రేంజరుగారు వచ్చారు. చక్రం ముక్కలు రెండూ పట్టుకెళ్ళి ఎక్కడైనా అతికించుకోవాలని ఆయన ఆశ. మనిషి బాగా నలిగిపోయి ఉన్నారు. ఇడ్లీ వాసనకి ఆకలేసి, "సరే, ఒక ప్లేటు పెట్టవయ్యా. దీన్నైనా తిననివ్వు" అన్నారు.

బుల్లబ్బాయి కళ్ళు తుడుచుకుని లోపలికి పరిగెత్తాడు. ఎలాగైనా ఈయన దగ్గర మాట దక్కించుకోవాలి. ప్లేటు తెచ్చి ముందు పెట్టాడు. నాలుగు ఇడ్లీలు, పక్కన చట్నీ. నాలుగో ఇడ్లీ సగం కొరికేసి ఉంది.

రేంజరుగారు ఇడ్లీని చూశారు, బుల్లబ్బాయిని చూశారు. అతని మీసానికి ఇడ్లీ తునక అంటుకుని ఉంది.

"ఇదేంటయ్యా?"

"ఈసారి తేడా రానివ్వలేదండి" అన్నాడు బుల్లబ్బాయి, రవ్వ సంచీ ఆయన ముందు పరిచి. "పంటిగాటు కూడా బొమ్మలో ఉన్న వైపే పెట్టానండి, సరిచూసుకోండి."