ఆటు వేళ దిగని ఒంటె

గల్ఫు తీరంలో ఒక దేశం. ఒక పక్క ఇసుక, ఒక పక్క ఉప్పునీళ్ళు. రెంటికీ మధ్య ఉప్పుటేటి ఒడ్డున మడ అడవి ఒక్కటే పచ్చగా ఉండేది. ఎండాకాలంలో ఆ ఎడారిలో గడ్డిపోచ మిగలదు. అప్పుడు ఒంటెల మంద మడ ఆకు తినే బతికేది. ఆ చెట్ల వేళ్ళ సందుల్లోనే రొయ్య పిల్లలు పెరిగేవి. రొయ్యల కోసం దూరదేశాల ఓడలు వచ్చేవి. ఓడల్లో పెత్తనమంతా ఎలుకలది. అవి రొయ్యలు ఎక్కించుకుని, బదులుగా ఎండుగడ్డి మోపులు దింపిపోయేవి.

ఆ తీరానికి పెద్ద ఒక ముసలి ఒంటె. అన్నీ దాన్ని పెద్దమ్మ అని పిలిచేవి. దాని తల్లి నాటి నుంచి అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఓడలతో ఏ కొత్త బేరం చెయ్యాలన్నా, తీరం పెద్ద ముందుగా ఆటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, మోకాలి లోతు బురదలో దిగి మడంతా నడిచి చూడాలి. పీత దారి చూపాలి. బురదలో కొత్త మొక్కలు లేస్తుంటేనే బేరం. లేదా, ఓడ ఖాళీగా పోవలసిందే. పోటు వేళ చూసి లాభం లేదు. నీళ్ళు కప్పేశాక బాగున్నదీ పాడైనదీ ఒక్కలాగే కనిపిస్తాయి.

పెద్దమ్మ ఏటేటా దిగింది. కాళ్ళకు ఉప్పు పుండ్లు పడ్డాయి. వయసు మీద పడింది. విసుగు పుట్టింది. పెద్దరికంలో విసుగు పుట్టిన చోటే నక్క కాలు పెడుతుంది.

ఆ ఏడు నక్క కొత్త బేరం తెచ్చింది.

"పెద్దమ్మా, భారీ ఓడలు వస్తామంటున్నాయి. ఉప్పుటేరు కాస్త లోతు చేసి, దారి వెడల్పు చేస్తే చాలు. ఇప్పుడొచ్చే గడ్డికి పదింతలు దిగుతుంది."

"దారి వెడల్పు చేస్తే మడ ఏమవుతుంది?"

"అడ్డం వచ్చిన నాలుగు కొమ్మలు పోతాయి. జుట్టు కత్తిరిస్తే తల పోతుందా?"

పక్కనే ఉన్న పీత డెక్కలు పైకెత్తింది. "నాలుగు కొమ్మలా, నక్క బావా? నువ్వు పెట్టిన పందికొక్కులు నెల రోజులుగా లోపల చెట్ల మొదళ్ళు కొరుకుతున్నాయి. నా బొరియ కూలిపోయింది."

"విన్నారా పెద్దమ్మా! పుట్టి బుద్ధెరిగి ఒక్కనాడు తిన్నగా నడిచిన పాపాన పోలేదు. దీని మాట తిన్నగా ఉంటుందా?"

చుట్టూ చేరినవన్నీ నవ్వాయి. పెద్దమ్మ కూడా పెదవి కదిపింది. నలుగురి నవ్వులో నిజం కొట్టుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు.

"నవ్వుకోండి. నా నడకకేం గాని," అంది పీత, "అమ్మా, రేపు ఆటు వేళ దిగు. నీ కళ్ళతో నువ్వు చూడు. అది నీ మందకు ఎండాకాలం కూడు."

పెద్దమ్మ నిట్టూర్చింది. "దిగాలి. దిగక ఎక్కడికి పోతాను? కానీ ఈ పుండ్లు మానడం లేదయ్యా."

నక్క ఆ మాట కోసమే కాచుకుని ఉంది. "ఈ వయసులో మిమ్మల్ని బురదలో దింపితే లోకం మా మొహాన ఉమ్మదూ? చూడాలన్నది కట్టుబాటు. చూద్దాం. రేపు పోటు వేళ గట్టు మీద మెత్తగా గడ్డి పరిపిస్తాను, కూర్చుని చూడండి. కొంగ గారు సాక్షి."

కొంగ నోట్లో రొయ్య మింగి గొంతు సవరించుకుంది. ఆ రొయ్య నక్క పెట్టిందే. "ఎప్పుడు చూసినా చూపే కదండీ. ఒంటికాలి మీద నిలబడి చెబుతాను."

"నువ్వు రెండు కాళ్ళ మీద నిలబడిందెప్పుడు?" అంది పీత.

మర్నాడు పోటు వేళ పెద్దమ్మ గట్టు మీద కూర్చుంది. ఎదురుగా ఒక వరుస చెట్లు పచ్చగా ఊగుతున్నాయి.

"వెనకాల నీళ్ళు మరీ ఎక్కువ మెరుస్తున్నాయేం?"

"పోటు కదమ్మా!" అంది నక్క.

పెద్దమ్మకు అనుమానం వచ్చింది. రానట్టు ఊరుకుంది. కింద గడ్డి మెత్తగా ఉంది, కాళ్ళు నొప్పి లేకుండా ఉన్నాయి. "సరే, కానివ్వండి," అంది.

"చూపు ముగిసింది. మడ పచ్చగా ఉంది," అని కొంగ చాటింది.

భారీ ఓడలు వచ్చాయి. గడ్డి కొండలా దిగింది. మంద కూర్చున్న చోటే తిని బలిసింది. పీత మూడుసార్లు వచ్చి పిలిచింది. మూడుసార్లూ పెద్దమ్మ ఒకే మాట అంది. "ముందు తీరం బాగుపడనీ. మడ ఎప్పుడైనా నాటుకోవచ్చు." ఆ మాట దానిది కాదు, నక్కది. ఒకరి గడ్డి తిన్నాక వాళ్ళ మాటే అనక తప్పదు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఆ తీరంలో ఎవరూ చక్కబెట్టుకోలేదు. పట్టి ఉంచే వేళ్ళు లేక బురద జారి ఉప్పుటేటిలోకి దిగింది. నక్క లోతు చేయించిన దారి కాస్తా మేట వేసింది. దాగే చోటు లేక రొయ్య పిల్లలు పెరగలేదు. ఒకరోజు వచ్చిన ఓడ అడుగు మేటకు తగిలి ఆగిపోయింది.

"దారేది నక్క గారూ? రొయ్యలేవి?" అని పై నుంచి ఎలుకలు అరిచాయి.

"వచ్చే నెలకు అన్నీ సర్దుతాను బాబూ!"

"వచ్చే నెల మేం వేరే రేవులో ఉంటాం."

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. తర్వాతి పోటుకు ఓడ తేలింది, వెనక్కి తిరిగింది. మరి రాలేదు.

ఎండాకాలం వచ్చింది. గడ్డి అయిపోయింది. పెద్దమ్మ మందను వెంటబెట్టుకుని మడ దగ్గరకు వచ్చింది. అప్పుడు ఆటు. నీళ్ళు తగ్గి ఉన్నాయి. ముందున్న ఒక్క వరుస వెనక కనుచూపు మేర మోళ్ళే. ఆ ఒక్క వరుసనూ మంద రెండు రోజుల్లో ఊడ్చేసింది. మూడో రోజు చూలు ఒంటెలు పెద్దమ్మ మొహం చూస్తూ నిలబడ్డాయి.

పెద్దమ్మ నక్కను పిలిపించింది. రొయ్యలు తినమరిగిన నక్కకు ఇప్పుడు అవీ లేవు. డొక్కలు అంటుకుపోయి ఉన్నాయి. అయినా నోరు తగ్గలేదు.

"నేనేం దాచాను పెద్దమ్మా? దాచింది నీళ్ళు. చూసింది మీరు. సాక్షి కొంగ."

"నిజమే," అంది పెద్దమ్మ. "నువ్వు మోసం చేశావు. నేను మోసపోవడానికి కూర్చున్నాను. నిన్ను తన్నితే నా కాలికి నొప్పే గాని, ఒక్క మొక్క లేవదు." తర్వాత పీత వైపు తిరిగింది. "ఈ పెద్దరికం నువ్వు తీసుకో అయ్యా. నాకు తగదు."

"ఏమున్నదని ఏలమంటావమ్మా?" అంది పీత. దానికి కోపం కూడా రాలేదు.

ఇక మిగిలింది ఎడారి దాటి కొండలకు పోవడం. ఏడు రోజుల దారి, మధ్యలో చుక్క నీరు లేదు. మంద కదులుతుంటే నక్క పరుగెత్తుకొచ్చింది. "నన్నూ వీపు మీద ఎక్కించుకోండమ్మా, ఇక్కడ ఉంటే చచ్చిపోతాను."

ముందు నడుస్తున్న పెద్దమ్మ కూతురు ఆగకుండానే చెప్పింది. "మా ఆకలే మాకు మొయ్యలేని బరువు. నిన్నెక్కడ మోస్తాం?"

ఓడల దారి తవ్వించుకున్న నక్క, ఓడ లేని రేవులో మిగిలింది. పెద్దమ్మ ముందు నడవలేదు. అన్నిటి వెనకా నడిచింది. దారిలో పడిపోయిన ప్రతి పిల్ల ఒంటెనూ దాటుకుంటూ అదే ఆఖరున పోవలసి వచ్చింది. కొండలు చేరేసరికి మందలో సగం లేదు.

నీతి: దిగి చూడవలసిన పెద్ద గట్టున కూర్చుంటే, మునిగేది నమ్ముకున్నవాళ్ళు.